మడతలక్క లేని వారం

ఆసుపత్రి వెనకవైపు, వంటగది దాటి మెట్లు దిగితే వచ్చే పొడవాటి గదిలో దుప్పట్లు ఉతుకుతారు. ఓ చివర ఉతికే మిషన్లు, మధ్యలో ఆరబెట్టే మిషన్, రెండో చివర ఇస్త్రీ రోలర్లు, వాటి పక్కన మడతలు పెట్టే బల్ల. పెళ్ళైన కొత్తలో ఆ బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డ మనిషి, కూతురు కాలేజీ చదువు ముగించేదాకా అక్కడే నిలబడింది. దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఒక్కసారి విదిలించిందంటే అది గాల్లోనే సగం మడతపడి, బల్ల మీదికి బుద్ధిగా వచ్చి పడుకునేది. అందుకే ఆమె అందరికీ మడతలక్క అయింది. ఆఖరికి బస్సు డ్రైవరైన ఆమె మొగుడు కూడా ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే "మా మడతలక్క ఇంకా రాలేదండీ" అనేవాడు. అది కూడా ఆమె ఇంట్లో లేనప్పుడు మాత్రమే.

ఆ గదికి పెద్ద చీటీల మాస్టారు. బక్కపల్చటి మనిషి, జేబులో ఎప్పుడూ పచ్చ చీటీలు. ఆయన పద్ధతి చంటిపిల్లలకైనా అర్థమవుతుంది. ఇన్ని దుప్పట్లు మడిస్తే ఓ చీటీ. చీటీలు పోగుపడితే శనివారం గంట ముందే ఇంటికి పోవచ్చు. ఆలస్యంగా వస్తే చీటీ వెనక్కి. అరిచేవాడు కాదు, ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా చేసేవాడు కాదు. ఇస్తానన్నది ఇచ్చేవాడు, పుచ్చుకుంటానన్నది పుచ్చుకునేవాడు. ఒంట్లో బాగాలేదంటే "సెలవు కాగితం రాసివ్వండి" అనేవాడే తప్ప ఏమైందని అడిగిన పాపాన పోలేదు. అలా అడగకపోవడమే మర్యాద అని ఆయన ఉద్దేశం. నిజం చెప్పొద్దూ, చాలామందికి ఆ మర్యాదే హాయిగా ఉండేది.

కానీ ఆ పద్ధతిలోంచే ఓ తమాషా పుట్టింది. చిరిగిన దుప్పటిని తీసి కుట్టేవాళ్ళ బుట్టలో వేస్తే అది లెక్కలోకి రాదు. మడిస్తే వస్తుంది. అలాంటప్పుడు బుట్టలో వేసే వెర్రివాళ్ళెవరుంటారు? చిరుగు లోపలికి వెళ్ళేలా మడిచి, పైన నున్నగా నిమిరి కట్టలో దోపేవాళ్ళు. పైన వార్డులో నర్సు దాన్ని దులిపి చూసి, ముఖం చిట్లించి మాసిన బట్టల్లో పడేసేది. అది మళ్ళీ కిందికొచ్చి, మళ్ళీ ఉతుక్కుని, మళ్ళీ చిరుగు దాచుకుని, మళ్ళీ చీటీ సంపాదించి పెట్టేది. మంచి దుప్పటి వార్డుకెళితే రోగి కింద నాలుగు రోజులుంటుంది. చిరుగుది మర్నాడే తిరిగొస్తుంది. అంచేత బల్ల దగ్గరివాళ్ళకి చిరుగు దుప్పటే ముద్దుబిడ్డ. ఏ రోగి ఒంటినీ తాకకుండా ఏళ్ళ తరబడి ఊరేగిన దుప్పట్లు ఆ ఆసుపత్రిలో కొల్లలు. ఈ విద్యలో అందరికన్నా చెయ్యి తిరిగినది ఎవరంటారా? ఇంకెవరు, మడతలక్కే. ఆమె దాచిన చిరుగుని విప్పి చూస్తే తప్ప బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు.

మాస్టారు రిటైరయ్యాడు. బల్ల దగ్గర అందరికన్నా చీటీలు ఎక్కువ వచ్చింది మడతలక్కకే కాబట్టి ఆ కుర్చీ ఆమెకిచ్చారు. కుర్చీలో కూర్చుని ఇంకా నడుం వాల్చనైనా లేదు, పైనుంచి పిలుపొచ్చింది. ఆసుపత్రి మొత్తానికీ అధికారి అయిన పెద్ద డాక్టరమ్మ ఎదుట నిలబడింది.

"ఇవాళ ఆపరేషన్ ఒకటి వాయిదా వేశామమ్మా," అంది డాక్టరమ్మ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "రోగి బల్ల మీద పడుకుని ఉన్నాడు. కప్పడానికి తీసిన ప్రతి దుప్పటికీ చిరుగే. కొత్త భవనం తెరుస్తున్నాం, మంచాలు రెట్టింపవుతాయి. ఉతికే పని బయటి కంపెనీకి ఇచ్చెయ్యమని కమిటీవాళ్ళు పట్టుబడుతున్నారు. ఒక్క అవకాశం ఇద్దామని నేనే ఆపాను."

"ఏం చెయ్యమంటారు మేడమ్?"

"కొత్త భవనం తెరిచిన మొదటి వారం ఒక్క వార్డు కూడా దుప్పట్ల కోసం ఆగకూడదు. ఆగలేదంటే పని మీ దగ్గరే ఉంటుంది. ఆగిందా, ఇక నా చేతుల్లో ఏం లేదు."

"మరి మావాళ్ళు?"

"ఉద్యోగాలు పోవు. గేటు దగ్గర కొందరిని, ఊడవడానికి కొందరిని, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సర్దుతాం."

ఉద్యోగాలు పోవట, గది పోతుందట. మెట్లు దిగుతూ మడతలక్క ఒక్కొక్కరినీ తలుచుకుంది. ఇన్నేళ్ళూ పక్కపక్కన నిలబడి ఒకరి కష్టం ఒకరు విన్నవాళ్ళు, రేపు ఒకడు గేటు దగ్గర, ఒకతి చీపురు పట్టుకుని ఏ వరండాలోనో. ఆపరేషన్ బల్ల మీద ఆ రోగికి కప్పబోయిన దుప్పటి ఎవరు మడిచిందో ఆమెకి తెలియకపోలేదు. ఆ సిగ్గు ఆమెను తిన్నగా నడవనివ్వలేదు.

మర్నాడే రంగంలోకి దూకింది. అలమరల్లో కట్టలన్నీ విప్పించి దులిపించింది. చిరుగుల కుప్ప కిటికీ అంత ఎత్తు లేచింది, అలమరలు సగం బోసిపోయాయి. అందరినీ చుట్టూ నిలబెట్టి, రాత్రంతా మనసులో దిద్దుకున్న ప్రసంగం మొదలుపెట్టింది.

"చూడండి, ఇక నుంచి లెక్కకి చీటీలుండవు. మనం చేసేది ఒట్టి ఉతుకుడు పని కాదు. ఇది సేవ. రోగి బాధ మన బాధ అనుకోవాలి. మనమంతా ఒక కుటుంబం..."

ఇస్త్రీ బాబాయి గడియారం వంక చూశాడు. రోలర్ల దగ్గర పనిచేసే ఈ పెద్దమనిషి సణుగుడు తప్ప మాట తెలియని రకం. "అదంతా బానే ఉందక్కా," అన్నాడు. "శనివారం గంట ముందు పంపిస్తావా, పంపించవా?"

గది గదంతా ఘొల్లుమంది. అందరికన్నా పెద్దగా నవ్వింది గంట పిన్ని. ఆమె గుసగుసలాడితేనే వంటగదిలో వినపడుతుంది, ఇక నవ్వితే చెప్పాలా! కుటుంబం ముచ్చట అంతటితో ముగిసింది.

చీటీలు పోయాక పని నడక కూడా పోయింది. చిరుగులు దాచడం మానేశారు, నిజమే. దాంతోపాటు మడవడం కూడా దాదాపు మానేశారు. చేతులు కదిలేవి, అంతే. మిషన్ ఆగితే లేచి చూసేవాళ్ళు లేరు. ఆమె అరిస్తే కాసేపు వేగం, అటు తిరిగితే మళ్ళీ అదే తీరు. మొదటి పదిహేను రోజుల్లోనే మడతలక్క తల ప్రాణం తోకకి వచ్చింది. సిగ్గు విడిచి మాస్టారి ఇంటికి వెళ్ళింది.

ఆయన కుండీలకి నీళ్ళు పోస్తున్నాడు. అన్నిటికీ సమానంగా, చెంబుతో కొలిచి మరీ.

"చీటీలు తీసేశావట?" అన్నాడు తల తిప్పకుండా.

"చీటీల కోసం అందరం చిరుగులు దాచేవాళ్ళం మాస్టారూ. మీకు తెలీదు."

"తెలీకేం? నువ్వు దాచినంత బాగా ఎవరూ దాచలేదు."

మడతలక్క ముఖం కందిపోయింది. "తెలిసీ ఊరుకున్నారా?"

"పైవాళ్ళు నన్నడిగింది లెక్క. లెక్క ఇచ్చాను. నేను మిమ్మల్ని అడిగింది లెక్క. మీరూ ఇచ్చారు. అంతకు మించి నేనూ అడగలేదు, మీరూ ఇవ్వలేదు." ఆయన చెంబు కింద పెట్టాడు. "అంతకు మించి ఎలా అడగాలో నాకు చేతకాలేదమ్మా. నీకు చేతనైతే అడుగు. కానీ ఒక్కటి విను. శనివారం గంట మాత్రం తీసెయ్యకూడదు. నేనంటే గిట్టనివాళ్ళు కూడా నా మాట నమ్మేవాళ్ళు. ఇచ్చిన మాట తీసేసి సేవ అంటే ఎవరు వింటారు?"

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. మర్నాడు పొద్దున్నే శనివారం గంట తిరిగి ఇచ్చేసింది. లెక్కతో సంబంధం లేకుండా, అందరికీ వంతులవారీగా. ఇస్త్రీ బాబాయి సణుగుడు కాస్త తగ్గింది, పని మాత్రం పెరగలేదు. అంతకు మించి ఎలా అడగాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

దానికి జవాబు ఇంట్లో దొరికింది. అదీ అత్తగారి నోటి నుంచి, అదీ తిట్ల రూపంలో. పొద్దున వంట అత్తగారిది. మోకాళ్ళ నొప్పులని కొన్నాళ్ళుగా వండి, మూతపెట్టి, గదిలోకి వెళ్ళి పడుకుంటోంది. వడ్డన మడతలక్కది. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైందని మొగుడు నోరు జారాడు. గదిలోంచి విననే విన్నది ముసలావిడ.

"ఉప్పెక్కువైతే అవుతుందిరా! నేను వడ్డించేటప్పుడు ఎప్పుడైనా అయిందా? ముద్ద నోట్లో పెట్టుకున్నవాడి మొహం నేను చూసేదాన్ని. ఆ మొహం చూస్తే రేపు ఎలా వండాలో తెలిసేది. ఇప్పుడు వండేది నేను, మొహాలు చూసేది మీ ఆవిడ. నాకేం తెలిసి చస్తుంది?"

మొగుడు నవ్వాడు. మడతలక్క నవ్వలేదు. గరిటె పక్కన పెట్టి గది గుమ్మం దాకా వెళ్ళింది.

"అత్తయ్యా, మీరు చల్లగా ఉండాలి," అంది.

"ఇప్పుడు నేనేమన్నానే?" అంది లోపలి నుంచి అత్తగారు, ఇంకా పోట్లాటకి సిద్ధంగా.

ఆ రోజే గదిలో కొత్త ఏర్పాటు. ఇప్పటిదాకా దుప్పట్ల బండి తోసుకుపోయేది వార్డు బాయ్‌లు. నర్సుల చీవాట్లు వాళ్ళు తినేవాళ్ళు, తిని అరిగించుకునేవాళ్ళు. కిందికి ఒక్క మాట చేరేది కాదు. ఇకమీదట ఒక్కొక్కరికి ఒక్కో వార్డు. ఎవరి వార్డు దుప్పట్లు వాళ్ళే మడిచి, వాళ్ళే తీసుకెళ్ళి, మంచాల దగ్గర వాళ్ళ చేతులతోనే ఇచ్చి రావాలి. ప్రసంగం లేదు, సేవ లేదు, కుటుంబం అసలే లేదు.

"మెట్లెక్కే పని కూడా మాకేనా?" అని అందరూ గొణిగారు. మడతలక్క చెవిన వేసుకోలేదు.

ఆడవాళ్ళ వార్డు గంట పిన్నికి పడింది. మొదటిరోజు వెళ్ళిన మనిషి కాసేపటికే సుడిగాలిలా దిగివచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

"ఆ పెద్ద నర్సు నన్నేమందో తెలుసా? అందరి ముందూ దుప్పటి దులిపి, ఈ మరక నీ కంటికి కనపడలేదా అంది! నన్ను! ఆపరేషన్ అయినావిడ ఒకతి పాపం లేవలేక లేచి, పోనీలెండి సిస్టర్, మరకుంటేనేం, నాకిచ్చెయ్యండి అంటోంది. నాకు తల తీసేసినట్టయింది. నా దుప్పటి దానం పుచ్చుకున్నట్టు పుచ్చుకుంటుందా ఆవిడ?"

"అయితే ఏం చేద్దామంటావు పిన్నీ?" అంది మడతలక్క, లోపల పొంగుతున్నది పైకి కనపడనివ్వకుండా.

"ఏం చేద్దామా? రేపు ఆ నర్సు భూతద్దం పెట్టుకుని వెతకనీ!"

అప్పటినుంచి పిన్ని తన వార్డు దుప్పట్లను ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి పట్టుకునేది. చిరుగు కనపడితే కుట్టే బుట్టలోకి, మరక కనపడితే మళ్ళీ తొట్టిలోకి. పనికిరాని వాటిని కోసి దిండు గలీబులు చెయ్యొచ్చని కనిపెట్టింది కూడా ఆవిడే. పెద్ద నర్సుతో యుద్ధం రోజూ సాగింది. ఒకరోజు నర్సు దులిపి, తిప్పి, మళ్ళీ దులిపి, వంక దొరక్క ఊరుకుంది. పిన్ని కిందికొచ్చి ఆ సంగతి చెబుతుంటే వంటగదివాళ్ళు కూడా పని ఆపి విన్నారు. విన్నారంటే ఏముంది, వినక తప్పలేదు.

ఇస్త్రీ బాబాయికి పిల్లల వార్డు పడింది. ఆయన వెళ్ళిన రోజు దుప్పట్లు రోలర్ మీంచి అప్పుడే దిగినవి. ఓ పిల్ల ఒకదాన్ని చెంపకి ఆనించుకుని "వెచ్చగా ఉంది తాతా" అంది. తాత అన్నందుకు ఆయన ఆ రోజంతా సణుగుతూనే ఉన్నాడు. మర్నాడు జుట్టుకి రంగేసుకుని వచ్చాడు. కానీ ఆ తర్వాత పిల్లల దుప్పట్లు అన్నిటికన్నా ఆఖర్న రోలర్ ఎక్కించి, అవి చల్లారేలోపే పరుగున తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చెబితే చేసి ఉండేవాడు కూడా కాదు.

అలా గదికి ప్రాణం వచ్చింది. మిషన్ చప్పుడు మారితే ముగ్గురు ఒకేసారి లేచేవాళ్ళు. "మీ వార్డు", "మా వార్డు" అని వాదులాటలు. సబ్బు ఎక్కువైతే పాపాయిల ఒళ్ళు దద్దురెక్కుతుందని ఒకరు, ఆపరేషన్ గది దుప్పట్లు వేరే తొట్టిలోనే నానాలని ఇంకొకరు. మడతలక్క చేసిందల్లా వినడం. ఎవరి పిల్లకి జ్వరమో, ఎవరి నడుం పట్టేసిందో కూడా వినేది. మాస్టారి మర్యాద ఆమెకి అబ్బలేదు. అబ్బనందుకు ఆమెకేం బాధ లేదు.

కొత్త భవనం తెరిచే రోజు దగ్గరికొచ్చింది. అలమరలు నిండాయి. అప్పుడే, అంతా ఓ కొలిక్కి వచ్చి రేపు తెరుస్తారనగా, మడతలక్క కడుపు పట్టుకుని బల్ల పక్కన కూలబడింది. కొన్నాళ్ళుగా వస్తున్న నొప్పిని ఎవరికీ చెప్పకుండా నొక్కిపెట్టింది. అందరి బాధలూ విన్న మనిషి తన బాధ మాత్రం దాచుకుంది. పిత్తాశయంలో రాళ్ళన్నారు, వెంటనే ఆపరేషన్ అన్నారు.

"ఈ వారమొక్కటీ ఆగండి డాక్టర్ గారూ," అని బతిమాలింది స్ట్రెచర్ మీద. "మీ కాళ్ళు పట్టుకుంటా."

"ముందు పడుకోండమ్మా, కాళ్ళు తర్వాత పట్టుకుందురు గాని," అన్నాడాయన.

మర్నాడు ఆపరేషనై మెలకువ వచ్చేసరికి, అప్పుడే తెరిచిన కొత్త భవనంలో, ఆడవాళ్ళ వార్డులో ఉంది. పక్కన మొగుడు కునికిపాట్లు పడుతున్నాడు. నోరు తడారిపోయి ఉంది. మొదటి మాట మంచినీళ్ళు కాదు.

"దుప్పట్లొచ్చాయా?"

"నీ కింద ఉన్నదేమిటనుకున్నావు?" అన్నాడు మొగుడు ఉలిక్కిపడి లేచి.

చేత్తో తడిమి చూసుకుంది. అంచులు సరిగ్గా ఉన్నాయి, మధ్య గీత నిటారుగా ఉంది. అయినా మనసు ఆగలేదు. ఇది ఒక్క మంచమే కదా, మిగతా భవనం సంగతేమిటి? తలుపు కదిలితే ఇదిగో వచ్చేశారు, ఏదో కొంప మునిగింది అనుకునేది. ఎవరూ రాలేదు. తను లేకుండా ఎలా నడుస్తుంది, ఎలాగైనా లేచి మెట్లు దిగాలనుకుని కాలు కింద పెట్టబోతే పెద్ద నర్సు ఒక్క కేక వేసింది. ఆ కేక ముందు గంట పిన్ని కూడా బలాదూరే.

మర్నాడు పిన్ని స్వయంగా బండి తోసుకుంటూ వచ్చింది. మడతలక్క ముఖం వెలిగిపోయింది.

"పిన్నీ! ఇలా కూర్చో. ఎలా ఉంది కింద?"

"ఇప్పుడు కాదమ్మా, పనిలో ఉన్నాను. సాయంత్రం వస్తాలే," అని పిన్ని తర్వాతి మంచానికి వెళ్ళిపోయింది.

మడతలక్క బిక్కమొహం వేసింది. సాయంత్రం దాకా మొగుడితో మాట్లాడలేదు, పాపం ఆయన చేసిన తప్పేమీ లేకపోయినా.

పిన్ని అన్నమాట ప్రకారం సాయంత్రం వచ్చింది, వెనకాల ఇస్త్రీ బాబాయి. మాటల్లో మాటగా బయటపడింది అసలు సంగతి. భవనం తెరిచిన రోజే ఆరబెట్టే మిషన్ బెల్టు తెగిందట. మడతలక్క దిండు మీంచి లేవబోయింది.

"అయ్యో! మరి?"

"మరేముంది," అన్నాడు బాబాయి సణుగుతూనే. "తడివన్నీ డాబా మీదికి మోశాం. తాళ్ళు కట్టాం. మీ ఆయన బస్సు డిపోలోంచి బెల్టు పట్టుకొచ్చాడు, అది సరిపోలేదు. మెకానిక్ వచ్చేదాకా ఎండే మిషను. ఆపరేషన్ గదివి ముందు, పిల్లలవి తర్వాత, మిగతావి ఆ వెనక."

"నన్నెందుకు అడగలేదు?"

"నువ్వు మత్తులో ఉన్నావు కదమ్మా," అంది పిన్ని. "అయినా అడగడానికేముంది అందులో?"

అడగడానికేముంది! తను లేకపోతే ఆ గది ఒక్క పూట కూడా నిలబడదని అనుకున్న మనిషికి ఆ మాట మొదట చురుక్కున గుచ్చుకుంది. దిండుకి ఆనుకుంది. అడగక్కర్లేకుండా నడవడమే కదా తను కోరుకున్నదని తర్వాత మెల్లగా అర్థమైంది. అర్థమైనకొద్దీ కడుపు చల్లబడింది, కుట్లున్న కడుపే అయినా.

వారం ముగిసిన రోజు పెద్ద డాక్టరమ్మ రౌండ్లకి వచ్చి ఆమె మంచం దగ్గర ఆగింది. మొగుడు లేచి నిలబడ్డాడు. మడతలక్క దుప్పటి అంచు సర్దుకుంది.

"ఒక్క వార్డు కూడా ఆగలేదమ్మా," అంది డాక్టరమ్మ. "పని మీ దగ్గరే ఉంటుంది. కమిటీతో మాట్లాడే వచ్చాను."

మడతలక్క రెండు చేతులూ జోడించబోతే చేతికున్న సెలైన్ సూది గుచ్చుకుంది.

"ఇంకో సంగతి," అంది డాక్టరమ్మ కుర్చీ లాక్కుని. "మెచ్చుకుంటూ ఓ కాగితం ఇద్దామని కిందికి వెళ్ళాను. ఆవిడ లేని ఈ వారం ఇక్కడ పెద్దరికం ఎవరిదని అడిగాను. గంటలా మోగుతుందే, ఆ పెద్దావిడ, నేనే చూసుకున్నానంది. పక్కనున్న ఇస్త్రీ ఆయన, ఆవిడేం చూసిందండీ, చూసుకున్నది నేనూ అన్నాడు. తొట్లు కడిగే అతను కూడా నేనే అన్నాడమ్మా! అడిగిన ప్రతివాళ్ళూ అదే మాట. నేను వచ్చేసేటప్పటికి ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ కాగితం ఎవరి పేరున రాయాలో తెలియక మిమ్మల్నే అడుగుదామని వచ్చాను."

మడతలక్కకి ఒక్కసారిగా నవ్వు పొంగుకొచ్చింది. నవ్వితే కుట్లు లాగుతాయని పెద్ద నర్సు అవతలి నుంచి అరుస్తోంది. నిజంగానే లాగుతున్నాయి. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. మొగుడు కంగారుగా దిండు తెచ్చి కడుపుకి అదిమి పట్టాడు. బతుకులో ఇంత పెద్ద గెలుపు ఆమె ఎన్నడూ చూడలేదు. ఏదో చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా "తొట్లు కడిగే అతను కూడానా మేడమ్!" అని మళ్ళీ నవ్వింది.